పాతపేటల పునర్నిర్మాణము: నివాసుల పాత్ర, యజమానుల పాత్ర

ప్రతి సంవత్సరమును ఈ సంచికలో తల్లిదండ్రుల నుద్దేశించి పిల్లల చదువును గూర్చి నాలుగు మాటలు వ్రాయుట మాకు ఆనవాయితీ. ఈ సంవత్సరము చదువును గాక ఇండ్లను గూర్చి వ్రాయబూనితిమి. ఇది బడిపంతుళ్ళ పని కాదని కొందరనుకొనవచ్చును. కాని ముంబయి వంటి నగరములో ఇల్లు కదలినచో బిడ్డ చదువును కదలును. పాతభవనము ఖాళీచేసి తాత్కాలిక నివాసమునకు పోవలసివచ్చిన కుటుంబము పది పదునైదు కిలోమీటర్ల దూరము పోవచ్చును. ఆ చోట తెలుగు బడి యుండుట అరుదు. మా హాజరుపట్టీలో ఒక పేరు తగ్గును. ఒక చాల్ మొత్తము ఖాళీయైనచో ఒక తరగతియే పలుచబడును. కావున ఈ విషయము మీ యింటిది, మన బడిది కూడ.

పునర్నిర్మాణమనగా శిథిలమైన భవనములను తీసివేసి, అదే స్థలమున క్రొత్త భవనములు కట్టి, పాత నివాసులకు అందులో ఇండ్లనిచ్చుట. ఇందులకు నివాసి సాధారణముగా డబ్బు పెట్టనక్కరలేదు. పాతస్థలమున మునుపటికంటె ఎక్కువ అంతస్తులు కట్టుటకు ప్రభుత్వము అనుమతించును. అట్లు అదనముగా వచ్చిన ఇండ్లను అమ్మి బిల్డరు తన ఖర్చును, లాభమును రాబట్టుకొనును. అనగా నివాసికి లభించు క్రొత్తయిల్లు ఒకరి దయాధర్మము కాదు. ఆ స్థలముమీద నివాసికిని, యజమానికిని గల హక్కులకు అది ప్రతిఫలము. ఈ సంగతి గుర్తుంచుకొన్నచో తక్కినవన్నియు సులభముగా బోధపడును.

పేటల పూర్వకథ

ఈ నగరపు పాతపేటలతో తెలుగువారికి గల సంబంధము నిన్నమొన్నటిది కాదు. 18వ శతాబ్ది చివర హార్న్‌బీ వెల్లార్డు అను గట్టు కట్టి సముద్రపు పోటునీటిని ఆపిన తరువాత, అంతకుముందు మునుగుచుండిన పల్లపునేలలు నివాసయోగ్యములయ్యెను. అట్టి నేలలలో ఒకచోట నిజాం రాజ్యమునుండి, ముఖ్యముగా తెలంగాణమునుండి వచ్చిన శ్రామికులు కుదురుకొనిరి. వారిని ఇచ్చటివారు కామాఠీలనిరి. ఆ పేరనే ఆ పేట కామాఠీపురమయ్యెను. ఈ నగరపు రోడ్లు వేయుటలో, భవనములు లేపుటలో వారి చెమట కలదు. తరువాత బట్టల మిల్లులు వచ్చినవి. పద్మశాలీ కుటుంబములనేకము సొంత మగ్గములను విడిచి మిల్లులలో పనికి చేరి వర్లీ, లోయర్ పరేల్, ప్రభాదేవి ప్రాంతముల చాళ్ళలో స్థిరపడినవి. మన పిల్లల తాతముత్తాతలు పెక్కురు ఇట్లు వచ్చినవారే.

ఆ చాళ్ళు ఏల శిథిలమైనవి? యజమాని పిసినారితనమే కారణమని అద్దెదారులందురు. అద్దెదారులు చిల్లర డబ్బులిచ్చి పెద్దయిండ్లు ఆక్రమించుకొన్నారని యజమానులందురు. ఈ రెండు మాటలలోను సగమే నిజము. 1947లో వచ్చిన అద్దెల నియంత్రణ చట్టము పాతయిండ్ల అద్దెలను 1940 నాటి మట్టమున నిలిపినది. ధరలు మండిపోవుచున్న ఆ రోజులలో ఆ చట్టము పేదలకు చేసిన మేలు గొప్పది. కాని ఇటుక, కలప, కూలి ధరలు ఎన్నో రెట్లు పెరిగినను అద్దె పెరుగలేదు. వచ్చు అద్దె మరమ్మతుకు చాలనందున యజమాని మరమ్మతు మానెను. తనది కాని యింటికి డబ్బు పెట్టుటకు అద్దెదారు జంకెను. ఇరువురి నడుమ గోడ బీటలు వారెను.

ఈ స్థితిని సరిదిద్దుటకై 1969లో ప్రత్యేక చట్టము చేసి మరమ్మతుల బోర్డును స్థాపించిరి. దీవినగరములో 1969 సెప్టెంబరు 30 నాటికి కట్టియున్న ప్రైవేటు అద్దెభవనములమీద సెస్సు విధించి, ఆ సొమ్ముతో మరమ్మతులు చేయుట దాని పని. వీనినే ‘సెస్సు భవనములు’ అందురు. మొదట ఇవి సుమారు 19,600 ఉండెను. ఆ బోర్డు తరువాత మహారాష్ట్ర గృహనిర్మాణ, ప్రాంతాభివృద్ధి సంస్థలో, అనగా మనమందరము ‘మ్హాడా’ అని పిలుచు సంస్థలో భాగమైనది. మరమ్మతులు కొంత కాలమును నెట్టినవేగాని నూరేండ్ల కలపదూలమును క్రొత్తదానిగా చేయజాలవు. కావుననే నేడు పునర్నిర్మాణము తప్పని పనియైనది.

హక్కు ఇరువురిది

పునర్నిర్మాణమున ఇరుపక్షములు గలవు. ఇంటిలో నివసించు వారొకరు; భూమికి స్వంతదారులైన వారొకరు. పగిడీ పద్ధతిమీద ఇల్లు పొందినవారు మొదటి పక్షములోనివారే. వారు ఒకప్పుడు పెద్దమొత్తము చెల్లించి ప్రవేశించినవారైనను భూమి వారిది కాదు. ఇట్లని వారి హక్కు చిన్నదియు కాదు. ముంబయి అభివృద్ధి నియంత్రణ నిబంధనలలో 33(7) అను నిబంధన ప్రకారము సెస్సు భవనమును తిరిగి కట్టునపుడు అర్హుడైన నివాసికి కనీసము 300 చదరపు అడుగుల లోపలి వైశాల్యము గల ఇల్లు ఇచ్చితీరవలెను. పాతయిల్లు వంద చదరపు అడుగుల ఖోలీయే యైనను ఇది వర్తించును.

యజమాని యనగానే కోటీశ్వరుడని తలచుటయు సరికాదు. కామాఠీపురము వంటి చోట చిన్నచిన్న ముక్కల భూములు గలవారు, తాతనాటి ఆస్తిని పదిమంది వారసులు పంచుకొన్నవారు అనేకులు గలరు. వారినీ సభకు పిలువవలెను. వారి హక్కును త్రోసిపుచ్చిన ఫలిత మేమగునో ఒక వ్యాజ్యము చూపినది. 1986లో మ్హాడా చట్టమునకు చేర్చిన ఒక అధ్యాయము ప్రకారము నూటికి 70 మంది నివాసులు సహకార సంఘముగా కూడి కోరినచో, బోర్డు ఆ భవనమును సేకరించి వారికి ఇయ్యవచ్చును. యజమానికి దక్కునది నెలసరి ఆదాయమునకు నూరు రెట్లు మాత్రమే. నెలకు 2,000 రూపాయలు వచ్చు భవనమునకు, అది దక్షిణ ముంబయిలోనిదైనను, 2 లక్షల రూపాయలన్నమాట. యజమానుల సంఘము న్యాయస్థానమున కెక్కెను. 1992లో సుప్రీంకోర్టు చేరిన ఆ వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2024 నవంబరు 5న తీర్పు చెప్పెను. ప్రతి ప్రైవేటు ఆస్తియు సమాజపు వనరు అనబడజాలదనియు, ఏది అట్టిదో సందర్భమునుబట్టి నిర్ణయింపవలెననియు ఆ తీర్పులోని అధికసంఖ్యాకుల యభిప్రాయము. తీర్పు ఎవరికి అనుకూలమన్నది ఇచ్చట ప్రశ్న కాదు. ఈ వాదము నడచిన ముప్పదిరెండేండ్లలో ఎన్ని దూలములు కూలినవో ఆలోచింపుడు. ఒక పక్షమును విడిచి రెండవ పక్షముతో మాత్రమే వేసిన ప్రణాళిక కాగితముమీద త్వరగా నడచును, నేలమీద నడవదు.

ఇటీవలి పద్ధతి ఇరువురిని కలుపుకొనుటకు యత్నించుచున్నది. సుమారు 34 ఎకరముల కామాఠీపురమును ఒక్క పథకముగా పునర్నిర్మించుటకు మ్హాడా పూనుకొన్నది. అందు 900కు పైగా సెస్సు భవనములు, 8,000 మంది అద్దెదారులు గలరు. ఆ పథకమున నివాసికి 500 చదరపు అడుగుల ఇల్లు అనియు, 50 చదరపు మీటర్ల భూమి గల యజమానికి 500 చదరపు అడుగుల ఇల్లొకటి, 100 చదరపు మీటర్లున్నచో రెండు అనియు, ఇట్లు లెక్క ప్రకటించిరి. ఈ లెక్క చాలునా చాలదా యని చెప్పవలసినవారు ఆ నివాసులును, ఆ యజమానులునే. లెక్క ప్రకటించుటవలన ఒక మేలు కలిగినది. వాదించుటకు ఎదుట ఒక అంకె యున్నది. అంకె లేని వాగ్దానమును గూర్చి వాదింపజాలము.

మాట చెల్లు సమయములు

అభిప్రాయము చెప్పు హక్కు మనకున్నదని చాలమందికి తెలియును. ఎప్పుడు చెప్పవలెనో తెలిసినవారు తక్కువ. పునర్నిర్మాణము నాలుగు మెట్లుగా నడచును. ఒక్కొక్క మెట్టువద్ద మన మాటకు ఒక్కొక్క రూపము కలదు. మెట్టు దాటిన పిమ్మట వెనుకటి మాటకు విలువ తగ్గును.

మొదటి మెట్టు నగరపు అభివృద్ధి ప్రణాళిక. ఏ స్థలము బడికి, ఏ స్థలము ఆటమైదానమునకు, ఏ వీధి ఎంత వెడల్పు అను సంగతులు ఇందు నిర్ణయమగును. 1966 నాటి మహారాష్ట్ర ప్రాంతీయ, నగర ప్రణాళికా చట్టము ప్రకారము ముసాయిదాను ముందుగా ప్రకటించి, ఆక్షేపణలను, సూచనలను కోరవలెను. గడువులోపల వ్రాసి యిచ్చిన వానిని ప్రణాళికాసంఘము విచారింపవలెను. ఇది వట్టి లాంఛనమని కొందరందురు. ముంబయి విషయమే చూడుడు. 2034వ సంవత్సరము వరకు ఉద్దేశించిన ప్రణాళిక ముసాయిదా 2015 ఫిబ్రవరిలో వెలువడెను. ఉన్న కట్టడములను లేనట్లు, లేని రోడ్లను ఉన్నట్లు చూపిన తప్పులు అందు బయటపడెను. పౌరులు వార్డువార్డునకు నక్షాలు ముందు పరచుకొని, తమ వీధిని తాము వెదకి, తప్పులను వ్రాసి పంపిరి. ఆక్షేపణలు వేల సంఖ్యలో వచ్చెను. ఏప్రిలులోనే ముఖ్యమంత్రి ఆ ముసాయిదాను సవరింపవలసినదిగా ఆదేశించెను. సవరించిన ముసాయిదా 2016లో వచ్చెను. తుదిప్రణాళిక 2018 సెప్టెంబరు 1నుండి అమలులోనికి వచ్చెను. తన వీధి తనకు తెలిసినంతగా కార్యాలయమునకు తెలియదు. ఆ తెలివిని వ్రాసి యిచ్చుటయే పౌరుని పని.

రెండవ మెట్టు సర్వే. ఇంటింటికి వచ్చి ఎవరు నివసించుచున్నారు, ఎప్పటినుండి, ఏ పత్రములమీద అని వ్రాసికొందురు. అర్హుల జాబితా దీనినుండియే పుట్టును. జాబితాను ప్రకటించి ఆక్షేపణలకు గడువిత్తురు. ఈ మెట్టున పేరు జారిపోయినచో తరువాత దానిని తిరిగి ఎక్కించుటకు కార్యాలయముల చుట్టు తిరుగవలసినదే. నాలుగు మెట్లలో దీనికే జనము తక్కువ విలువ నిచ్చుచున్నారు. మా దృష్టిలో ఇదియే ముఖ్యము.

మూడవ మెట్టు సమ్మతి. సెస్సు భవనము విషయమున నిబంధన ప్రకారము నూటికి 51 మంది నివాసుల లిఖితపూర్వక సమ్మతి కావలెను. ఈ సమ్మతికి నిబంధనలో ఒక విశేషణము కలదు: అది ‘ఉపసంహరించుకొనరానిది’. అనగా నేడు సంతకము చేసి రేపు వలదనుటకు వీలులేదు. బిల్డరు మనుష్యుడు తేనీటివేళ వచ్చి ‘ఊరక హాజరుకొరకు’ అని చాచిన కాగితము ఇదే కావచ్చును. పైన వ్రాసిన శీర్షిక చదువక, నకలు చేతికి రాక సంతకము చేయరాదు.

సొంతయిండ్లు గల సహకార గృహసంఘములకు వేరు పద్ధతి గలదు. 2019 జులై 4 నాటి ప్రభుత్వ ఉత్తరువు ప్రకారము అయిదవవంతు సభ్యులు వ్రాసి కోరినచో పునర్నిర్మాణమును గూర్చి ప్రత్యేక సభ పిలువవలెను. బిల్డరును ఎన్నుకొను సభకు మూడింట రెండువంతుల సభ్యులు హాజరు కావలెను. మొత్తము సభ్యులలో నూటికి 51 మంది ఒప్పుకొనవలెను. ఆ సభకు రిజిస్ట్రారు తరపున అధికారి రావలెను. సభను వీడియో తీయవలెను. ఇట్టి యేర్పాట్లు ఏల? మునుపు కొన్నిచోట్ల నలుగురు కార్యవర్గసభ్యులు గదిలో కూర్చుండి నలువదిమంది ఇండ్లను నిర్ణయించినందుననే. ఏర్పాటు ఉన్నంత మాత్రమున చాలదు. సభకు పోవువారు కావలెను.

నాలుగవ మెట్టు ఒప్పందము. ఇంటి లోపలి వైశాల్యము ఎన్ని చదరపు అడుగులు? తాత్కాలిక నివాసపు అద్దె నెలకెంత, ఏ తేదీన, ఎంతకాలము? ఆలస్యమైనచో ఏమి? బిల్డరు చేతులెత్తివేసినచో పూచీ ఎవరిది? క్రొత్త భవనమునకు లిఫ్టు, నీటిమోటారు, కాపలా మొదలగు నెలసరి ఖర్చులకు నిధి ఏది? ఈ ప్రశ్నలకు జవాబులు అంకెలతో ఒప్పందములో ఉండవలెను. ఆ ఒప్పందము రిజిస్టరు కావలెను. నోటిమాట నీటిమూట.

మూడు ఉదాహరణములు

వర్లీ, నాయ్‌గాఁవ్, ఎన్. ఎం. జోషీ మార్గ్, శివ్డీలలోని బి.డి.డి. చాళ్ళు 1920 తరువాతి సంవత్సరములలో అప్పటి ప్రభుత్వము కట్టించినవి. మొత్తము 207 భవనములు. ఒక్కొక్క ఖోలీ 160 చదరపు అడుగులు. మరుగుదొడ్లు అందరికి కలిపి. 2017లో పునర్నిర్మాణమునకు శంకుస్థాపన జరిగినను పని వెంటనే సాగలేదు. వ్రాతపూర్వకమైన ఒప్పందము చేతికి రానిదే గదులు ఖాళీ చేయమని నివాసులు పట్టుపట్టిరి. పని ఆలస్యమగుచున్నదని వారిని నిందించినవారు గలరు. వర్లీలో 2021 ఆగస్టులో పని మొదలై, 2025 ఆగస్టులో మొదటి 556 కుటుంబములకు 500 చదరపు అడుగుల ఇండ్ల తాళపుచెవులు అందెను. ముందు అడిగిన ప్రశ్న వలన కొంత ఆలస్యమైనను, పనికి పునాది గట్టిపడినది.

రెండవ ఉదాహరణము గోరెగాఁవ్‌లోని పత్రా చాల్. అచ్చట 672 కుటుంబములు. 2008లో నివాసుల సంఘము, మ్హాడా, బిల్డరు ముగ్గురు కలిసి ఒప్పందము చేసికొనిరి. నివాసులు ఇండ్లు విడిచి పోయిరి. కొంతకాలము వచ్చిన అద్దె తరువాత నిలిచిపోయినది. నివాసుల ఇండ్లు పూర్తికాకయే భూమిలోని భాగములు ఇతర బిల్డర్లకు అమ్ముడుపోయినవి. పదేండ్లు దాటినను వారు ఇతరుల ఇండ్లలోనే యుండిరి. కొందరు వృద్ధులు క్రొత్తయిల్లు చూడకయే కన్నుమూసిరి. ఒప్పందమున్నను ఇట్లయినది. కావున సంతకముతో నివాసి పని ముగియదు. పని నడచుచున్నదా, అద్దె అందరికి అందుచున్నదా యని నెలనెలా చూచు సంఘము ఒకటి తాళపుచెవి చేతికి వచ్చువరకు సజీవముగా ఉండవలెను.

మూడవది భేండీ బజారు. అచ్చట అధికసంఖ్యాకులు దావూదీ బోహ్రాలు; మనవలెనే ఈ నగరములో అల్పసంఖ్యాకులు. 2009లో వారి సమాజము ఒక ట్రస్టును నెలకొల్పి, 16.5 ఎకరములలోని సుమారు 250 భవనములను, 3,200 కుటుంబములను, 1,250 దుకాణములను ఒక పథకము క్రిందికి తెచ్చెను. ఒక్కొక్క కుటుంబముతోను, ఒక్కొక్క యజమానితోను మాటలాడి ఒప్పించుటకు ఏండ్లు పట్టెను. పాతభవనము తీయకముందే సమీప ప్రాంతములలో తాత్కాలిక నివాసములు సిద్ధపరచిరి. మొదటిభాగము 2020లో నివాసులకు అప్పగింపబడెను. అందరు ఒప్పుకొనిరని గాని, వ్యాజ్యములు లేవని గాని మేమనము. ధనబలము గల సమాజము గనుక వారికి చెల్లినది అని మీరనవచ్చును. నిజమే. కాని ఇంటింటికి పోయి మాటలాడుటకు ధనము అక్కరలేదు.

తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కులు

ఇంతవరకు చెప్పినది అందరికి వర్తించును. మనకు మాత్రమే ఉన్న చిక్కులు మూడు కలవు.

మొదటిది పేరు. మన వాడుకలో ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. మహారాష్ట్రమున సొంతపేరు, తండ్రిపేరు, చివర ఇంటిపేరు. ఒకే మనుష్యుడు అద్దె రసీదులో ఒక తీరున, రేషన్ కార్డులో మరియొక తీరున, ఆధార్‌లో వేరొక తీరున కనబడుచున్నాడు. అక్షరములు కూడ మారును. సర్వే గుమాస్తాకు వీరు ముగ్గురు మనుష్యులు. స్త్రీల విషయమున చిక్కు మరింత ఎక్కువ. పెండ్లియైన పిమ్మట ఇచ్చటి పద్ధతిని భర్తపేరు, ఇంటిపేరు చేరుటచే తల్లిగారి పత్రములకును, అత్తవారింటి పత్రములకును పొంతన ఉండదు. భర్త పోయిన పిమ్మట అద్దె రసీదు మామగారి పేరనే యున్నచో ఆమె హక్కును నిరూపించుట కష్టము. ఈ తేడాలను ప్రశాంతకాలములో సరిచేసికొనవలెను. సర్వే ముంగిట నిలిచినపుడు కాదు. మా పాఠశాల ప్రవేశపట్టికయు, బదిలీపత్రమును కూడ నివాసమునకు ఒక సాక్ష్యముగా ఉపయోగపడవచ్చును. కావుననే పిల్లను చేర్పించునపుడు పేరు, చిరునామా సరిగా వ్రాయింపుడని మేము పదేపదే కోరుచుందుము.

రెండవది ఊరు. వేసవికి, దసరాకు, పెండ్లిండ్లకు మనము ఊరికి పోవుదుము. కరీంనగరు, నల్లగొండ, మహబూబునగరు బస్సులు ఆ దినములలో క్రిక్కిరిసి యుండును. తాళము వేసిన ఖోలీని సర్వే పుస్తకమున ఖాళీగది యని వ్రాసికొనుట సులభము. ఊరికి పోవునపుడు పొరుగువారికి పత్రముల నకళ్ళు, ఫోను నంబరు ఇచ్చి పోవలెను. సంఘ కార్యదర్శికి ఒక చీటి వ్రాసి యిచ్చుట ఇంకను మేలు. ఖోలీని ఇతరులకు వదలి స్థిరముగా ఊరు చేరిన యజమానులు, వారసులు కూడ గలరు. నోటీసు పాతచిరునామాకు వచ్చి గోడమీదనే చిరిగిపోవును. వారి నేటి చిరునామా రికార్డులో చేర్పించుకొనవలెను.

మూడవది భాష. నోటీసులు మరాఠీలోను, ఇంగ్లీషులోను వచ్చును. మన పెద్దలలో మరాఠీ మాటలాడని వారు లేరు. చదువలేనివారు చాలమంది గలరు. చదువలేక సిగ్గుపడి మిన్నకుండుటవలన సభలలో తెలుగువారి కుర్చీ ఖాళీగా ఉన్నది. ఖాళీకుర్చీని చూచినవారు ‘వీరికి ఆక్షేపణ లేదు’ అని వ్రాసికొందురు. మౌనము అర్ధాంగీకారమని మన పెద్దలందురు గాని, కార్యాలయములో అది పూర్ణాంగీకారమే. కావున అర్జీని మరాఠీలోనో ఇంగ్లీషులోనో వ్రాయించి, రెండు ప్రతులు తీసికొనిపోయి, ఒకదానిమీద ముట్టినట్లు ముద్ర, తేదీ వేయించి తెచ్చుకొనవలెను. ఆ ముద్ర లేని అర్జీ ఇచ్చినట్లు కాదు.

బడి మాట

బిడ్డకు మాతృభాషలో ప్రాథమిక విద్య గరపుటకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమునకు చేర్చిన 350-ఎ అధికరణము రాష్ట్రములకు చెప్పుచున్నది. కాని ఆ సౌకర్యము ఒక గదిలో, ఒక వీధిలో ఉండవలెను గదా! పేట నక్షా గీయునపుడు బడికి చోటు గుర్తింపకున్నచో రాజ్యాంగపు మాట నిలుచుటకు నేల యుండదు. అద్దెగదులలో నడచు బడియు ఆ భవనమున ఒక అద్దెదారే. దానిని సర్వేలో వ్రాయించుటయు, క్రొత్త భవనములో దానికి చోటు కోరుటయు తల్లిదండ్రుల సభలలో అనవలసిన మాట. తాత్కాలిక నివాసములు పేటకు దగ్గరలో ఉండవలెననియు, సంవత్సరము నడుమ గాక వేసవి సెలవులలో ఇండ్లు మార్పింపవలెననియు కోరుట న్యాయమైన కోరికయే. ఇట్టివి బిల్డరు తానై తలపడు. తల్లి అడిగినచో వినక తప్పదు.

సభలో ఏమి మాటలాడవలెనను భయము కొందరికి కలదు. ఉపన్యాసములు అక్కరలేదు. ‘మా చాల్‌లో ఇన్ని కుటుంబములు, ఇంతమంది బడిపిల్లలు, ఇంతమంది మెట్లెక్కలేని వృద్ధులు’ అని ఒక కాగితముమీద లెక్క వ్రాసికొని పోయినచో చాలును. ప్రణాళిక వేయు ఇంజనీరుకు స్తంభముల లెక్క తెలియును. ఈ లెక్క మీకే తెలియును. యజమాని కూడ ఆ సభలో ఉన్నచో అతనితో ముందుగా ఒకమారు కూర్చుండి మాటలాడుట మంచిది. ఇరువురు కలిసి ఒక కాగితము ఇచ్చినచో దానిని ప్రక్కన పెట్టుట ఎవరికిని సులభము కాదు.

మేము చేయగలిగినది కొంత కలదు. మా పై తరగతుల విద్యార్థులు మరాఠీ చదువగలరు, వ్రాయగలరు. మీ భవనపు గోడమీద నోటీసు అతికించినచో దానిని ఫోనులో ఫోటో తీసి బిడ్డచేత పంపుడు. మరాఠీ పాఠముగా దానిని తరగతిలో చదివించి, సారాంశమును తెలుగులో వ్రాయించి మీకు పంపుదుము. బిడ్డలకు ఇంతకంటె జీవముగల పాఠము మేము చెప్పజాలము. చట్టసలహా చెప్పుటకు మేము వకీళ్ళము కాము. అట్టి సందర్భమున వకీలునే చూడవలెను. కాని నోటీసులో గడువు ఏ తేదీకి ముగియునో చెప్పుటకు వకీలు అక్కరలేదు.

మన పూర్వులు ఇతరుల భవనములు కట్టుటకు ఈ నగరమునకు వచ్చిరి. ఏ గోడ ఎచ్చట లేవవలెనో వారి నెవరును అడుగలేదు. నేడు చట్టము మనలను అడుగుచున్నది. గడువు పెట్టి అడుగుచున్నది. కావున ఈ వేసవి సెలవులలో ఊరికి పోకముందే అద్దె రసీదులు, రేషన్ కార్డు, ఆధార్, వారసుల పత్రములు ఒక్కచోట చేర్చి, వానిలోని పేర్లు ఒకదానితో ఒకటి సరిపోల్చి చూచుకొనుడని తల్లిదండ్రులందరికి మా మనవి.